కారు వెనక షాక్‌లు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

ముందే చెప్పేస్తాను. వెనక షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) ఇంటి ముందు కారు పెట్టుకుని మనమే మార్చుకోవచ్చు, పానా పట్టే అలవాటు కాస్త ఉంటే చాలు, పూట పని. ముందు షాక్‌లు మాత్రం విప్పడం, తిరిగి బిగించడం వరకే మన పని. మధ్యలో స్ప్రింగ్ నొక్కే పని ప్రెస్ ఉన్న షాపులో చేయించాలి. ఎందుకో కింద చెప్తాను.

మన ప్రకాశం, నెల్లూరు వైపు షాక్‌లు త్వరగా పోతున్నాయంటే పోవా మరి? చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు తిరిగే రోడ్లు ఒక పక్క, తుఫాను వెళ్లిపోయాక నవంబర్, డిసెంబర్‌లలో గుంతలన్నీ నీళ్లతో నిండి లోతెంతో తెలియని పల్లె రోడ్లు ఇంకో పక్క. పైగా పెళ్లికో తిరునాళ్లకో ఐదుగురు ఎక్కాల్సిన కార్లో ఏడుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా కూడా వేస్తాం. షాక్‌లు 80 వేల కిలోమీటర్లు వస్తాయని మామూలుగా అంటారు గానీ ఆ లెక్క మంచి రోడ్లకి. కిలోమీటర్లు చూసి మార్చకండి, షాక్‌ని చూసి మార్చండి.

అసలు తప్పు షాక్‌దేనా?

చాలామంది ఇక్కడే డబ్బులు పోగొట్టుకుంటారు. కారు బరువు మోసేది స్ప్రింగ్, షాక్ కాదు. షాక్ పని ఆ స్ప్రింగ్ ఊగిపోకుండా ఆపడం. లోపల ఉండేది ఇంచుమించు సైకిల్ పంపు లాంటిదే, గాలి బదులు నూనె. పిస్టన్‌కి ఉన్న సన్నటి రంధ్రాల గుండా నూనె బలవంతంగా దూరాలి కాబట్టి ఊపు తగ్గుతుంది, ఆ శక్తి వేడిగా మారుతుంది. అందుకే గుంతల రోడ్డు మీద నుంచి వచ్చి వెంటనే ముట్టుకుంటే షాక్ వేడిగా ఉంటుంది. రెండు వెనక షాక్‌లలో ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉందంటే చల్లగా ఉన్నది పని చేయడం మానేసి ఉండొచ్చు.

కాబట్టి కారు ఒక పక్కకి కిందికి కూర్చుని కనిపిస్తే అది చాలావరకు స్ప్రింగ్ గొడవ, షాక్ మారిస్తే లేవదు. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద ముందు వైపు టక్ టక్ అని చప్పుడొస్తుంటే మొదట మెకానిక్‌కి లింక్ రాడ్లు, స్ట్రట్ (షాక్, స్ప్రింగ్ కలిసిన ముక్క) మౌంటింగ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు (కీళ్లలో వేసే రబ్బరు ముక్కలు) చూపించండి. లింక్ రాడ్లతో పోయే చప్పుడికి నాలుగు షాక్‌లూ మార్పించుకుని, చప్పుడు అలాగే ఉందని తల పట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఎంతమందో.

షాక్ పోయిందనడానికి గుర్తులు ఇవి. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక భాగం ఒకసారి లేచి కుదురుకోకుండా రెండు మూడు సార్లు ఊగుతుంది. హైవే మీద, ఎన్‌హెచ్ 16 లాంటి నున్నటి రోడ్డు మీద కూడా, బ్రిడ్జి ఎక్కే చోట జాయింటు తగలగానే కారు తేలిపోయినట్టు అనిపిస్తుంది, స్టీరింగ్ మీద నమ్మకం పోతుంది. గట్టిగా బ్రేక్ వేస్తే ముందు భాగం మరీ కిందికి దిగిపోతుంది. వెనక జనం ఎక్కితే చిన్న గుంతకి కూడా దబ్బుమని కొట్టుకుంటుంది.

కారు ఆపి, డిక్కీ అంచు మీద ఒళ్లు బరువంతా వేసి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి ఆగిపోతే పర్లేదు, ఇంకా ఊగుతుంటే పోయినట్టే. అయితే ఈ పరీక్షలో దొరికేది పూర్తిగా పోయినవే, సగం పోయినవి దొరకవు. అందుకని టైరు మీద కూడా అరచెయ్యి పెట్టి చుట్టూ నిమరండి. కొన్ని చోట్ల ఎక్కువ, కొన్ని చోట్ల తక్కువ అరిగి, అరచేతికి అలలు అలలుగా తగిలితే ఆ టైరు నేలని సరిగ్గా పట్టుకోవడం లేదు, ఎగిరెగిరి పడుతోంది.

చివరిగా కిందికి వంగి టార్చి వేసి షాక్ ఒంటినే చూడండి. పైన పల్చగా చెమ్మ పట్టినట్టుంటే కంగారొద్దు, అది మామూలే. నూనె కారి, దాని మీద మన ఎర్రమట్టి దుమ్ము పట్టి నల్లటి ముద్దగా మారి, గోటితో గీకితే జిడ్డుగా ఊడి వస్తుంటే సీల్ (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు) పోయింది. ఇంక ఆలోచించక్కర్లేదు.

ఏం కొనాలి

షాక్‌లు ఎప్పుడూ జతగా మార్చాలి. వెనకవైతే వెనక రెండూ, ముందువైతే ముందు రెండూ. ఒకటే మారిస్తే ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా ఉండి మలుపుల్లో, బ్రేకులు వేసినప్పుడు కారు తేడాగా పోతుంది. కంపెనీ జెన్యూన్ పార్ట్ తీసుకున్నా సరే, గాబ్రియేల్ లాంటి బ్రాండ్‌ది తీసుకున్నా సరే, మీ బండి మోడల్, తయారైన సంవత్సరం, పెట్రోలో డీజిలో చెప్పి తీసుకోండి. ఇంజన్ బరువులో తేడా ఉంటుంది కాబట్టి ముఖ్యంగా ముందు షాక్‌లకి ఇది అవసరం. రిపేర్ చేసిన షాక్‌లని కొన్నిచోట్ల అమ్ముతారు. పాత దానికే నూనె పోసి, సీల్ వేసి, నల్ల రంగు కొట్టి ఇస్తారు, చూడ్డానికి కొత్తదానికన్నా మెరుస్తుంటుంది. ఎంత చవకైనా నా మాట విని వాటి జోలికి పోవద్దు.

వాటితో పాటు బంప్ స్టాపర్లు, డస్ట్ కవర్లు, పైన వచ్చే రబ్బరు బుష్‌లు కూడా కొనండి. మన ఎండలకి ఆ రబ్బరు పొడిపొడిగా రాలిపోతుంది. కొత్త షాక్ మీద పాత చిరిగిన కవర్ వేస్తే దుమ్ము నేరుగా షాక్‌లోకి దిగే మెరిసే రాడ్ మీద పడి సీల్‌ని తినేస్తుంది. స్టాపర్ లేకపోతే పెద్ద గుంతలో షాక్ లోపలి దాకా కొట్టుకుంటుంది. మిగుల్చుకునేది కాస్త, పోగొట్టుకునేది కొత్త షాక్.

సామాను సంగతికొస్తే, సాకెట్ సెట్, రింగ్ పానాలు, పొడుగాటి పైపు, వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే (డబ్ల్యుడి 40 లాంటిది), ట్రాలీ జాకీ, రెండు జాకీ స్టాండ్లు. స్టాండ్లు లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. కారుతో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికి ఇచ్చింది, దాని మీద కారు నిలబెట్టి కిందికి దూరడానికి కాదు. ఇటుకలు పేర్చి దాని మీద ఆనించడం ఇంకా ప్రమాదం, బరువుకి ఇటుక ఒక్కసారిగా పగిలిపోతుంది. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) కొనలేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూటకి అడిగి తెచ్చుకోండి.

ముందు రోజు సాయంత్రం

ఇది చాలామంది వదిలేసే అడుగు, మన కోస్తాలో మాత్రం వదలకూడదు. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పు గాలికి, రొయ్యల బండ్ల నుంచి రోడ్డు మీద కారే ఉప్పు నీళ్లకి షాక్ కింది బోల్టు బుష్ లోపలి ఇనుప గొట్టంలో బిర్రుగా పట్టేసి ఉంటుంది. వైర్ బ్రష్‌తో మట్టి, తుప్పు రాల్చి, బోల్టు మరలు బయటికి కనిపించే చోట స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్లీ ఒకసారి కొట్టండి. పైన నట్టుకి కూడా ఇంతే. కొన్ని కార్లలో పై నట్టు డిక్కీ లోపల పక్క ప్లాస్టిక్ వెనక ఉంటుంది, కొన్నిట్లో టైరు పైన గూడులోనే బోల్టు కనిపిస్తుంది. మీదేదో ముందు రోజే చూసిపెట్టుకుంటే పొద్దున తడుముకోనక్కర్లేదు.

అలాగే కింద నుంచి ఒకసారి గమనించండి. స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి కార్లలో వెనక స్ప్రింగ్ వేరుగా, షాక్ వేరుగా ఉంటాయి, ఈ పద్ధతి వాటికే. మీ కారులో స్ప్రింగ్ షాక్ చుట్టూ చుట్టుకుని ఉంటే దాన్ని ముందు స్ట్రట్ లాగే చూడాలి, కింద ఆ సంగతి చదవండి.

పని మొదలు

ఎండాకాలమైతే తెల్లారి ఆరింటికే మొదలుపెట్టండి, పది దాటాక ఇనుము ముట్టుకోలేరు. మెత్తబడిన తారు మీద, తడి మట్టి మీద జాకీ పెట్టకండి, దిగబడుతుంది. మన ఇళ్ల ముందు కడప బండలు, గ్రానైట్ ముక్కలు పరిచి ఉంటాయి కదా, గట్టిగానే ఉన్నాయి కదా అని వాటి మీద నేరుగా స్టాండ్ పెడితే కింద గుల్లగా ఉన్న చోట బండ పగులుతుంది. మందపాటి చెక్క పలక వేసి దాని మీద పెట్టండి. సిమెంటు గచ్చు ఉంటే అన్నిటికన్నా మేలు.

కారు గేరులో ఉంచి, ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అనుకోవద్దు. మన కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, ఆ చక్రాలనే మీరు గాల్లోకి లేపబోతున్నారు, అప్పుడు కారుని ఆపేది ఆ రాళ్లూ గేరే.

వెనక టైర్ల నట్లు టైరు నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, తర్వాత కారు లేపండి. కార్ మాన్యువల్‌లో చూపించిన జాకీ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టి, కారుని వాటి మీదకి దించండి. చేత్తో గట్టిగా ఊపి చూడండి. మీరు ఊపితే పడేది మీరు కింద ఉన్నప్పుడు కన్నా ఇప్పుడే పడటం మంచిది. తీసిన టైర్లని కారు అంచు కిందకి తోసి పెట్టండి, అదొక అదనపు ధైర్యం.

ఇప్పుడు అసలు మాట. రెండు పక్కలా షాక్‌లు ఒకేసారి విప్పకండి. ఒక పక్క పూర్తి చేసి రెండో పక్కకి వెళ్లండి. వెనక యాక్సిల్ బీమ్ (వెనక రెండు చక్రాలని కలిపే ఇనుప దూలం) ఎంతవరకు కిందికి వేలాడాలో ఆపి ఉంచేది ఈ షాక్‌లే. ఆధారం లేకుండా రెండూ తీసేస్తే బీమ్ కిందికి జారిపోయి, బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) లాగినట్టయి, స్ప్రింగ్ తన గూడులోంచి ఊడి పడుతుంది. అందుకని ట్రాలీ జాకీని మీరు పని చేసే పక్క, బీమ్ కింద స్ప్రింగ్‌కి దగ్గరగా పెట్టి, కొంచెం లేపి ఆనించి ఉంచండి. పని అయ్యేదాకా అది అక్కడే ఉండాలి.

విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. పైన ఏ వాషర్ ఎటు తిరిగి ఉంది, బుష్ తర్వాత ఏముంది, బోల్టు లోపలి నుంచి వచ్చిందా బయటి నుంచా, అన్నీ.

మొదట కింది బోల్టు. పానా పూర్తిగా కూర్చున్నాకే బలం పెట్టండి, సగం కూర్చున్న పానాతో లాగితే తల గుండ్రంగా అరిగిపోతుంది, అప్పుడు కటింగ్ తప్ప దారి లేదు. పొడుగు పైపు తగిలించి, ఒక్కసారిగా కుదపకుండా నిదానంగా లాగండి. నట్టు వచ్చాక బోల్టు రాకపోతే జాకీని ఒక అంగుళం పైకో కిందికో ఆడించండి. షాక్ మీద ఒత్తిడి లేని చోటుకి వచ్చేసరికి బోల్టు చేత్తో లాగితే వచ్చేస్తుంది, ఇక్కడ సుత్తి కన్నా జాకీ బాగా పనిచేస్తుంది. అప్పటికీ రాకపోతే అదనపు స్ప్రే కొట్టి టీ తాగి రండి. గ్యాస్ మంట మాత్రం పెట్టకండి, పక్కనే బ్రేక్ హోస్, పెట్రోలు ట్యాంకు ఉంటాయి.

తర్వాత పై నట్టు. నట్టు తిప్పుతుంటే రాడ్ కూడా దాంతో తిరుగుతుంది. రాడ్ కొసన చదునుగానో అలెన్ కీ పట్టేలాగానో చెక్కి ఉంటుంది, దాన్ని ఒక చేత్తో పట్టి రెండో చేత్తో నట్టు తిప్పాలి. రెండు నట్లు ఒకదాని మీద ఒకటి ఉంటే పైది ముందు. జాకీని కాస్త దించితే షాక్ బయటికి వస్తుంది. దించేటప్పుడు కళ్లు బ్రేక్ హోస్ మీదే ఉండాలి, అది బిగుసుకుంటున్నట్టు కనిపిస్తే ఆపేయండి.

పాతది బయటికొచ్చాక రాడ్ చేత్తో లోపలికి నొక్కి చూడండి. సరదాకి కాదు, పోయిందో లేదో ఖాయమవుతుంది. అడ్డే లేకుండా లోపలికి పోతుంటే, మధ్యలో కొంత దూరం ఖాళీగా జారుతుంటే మీ అనుమానం నిజమే.

కొత్తది పెట్టే ముందు ఒక పని ఉంది. షాపులో అవి నెలల తరబడి అడ్డంగా పడి ఉంటాయి, లోపల నూనె ఉండాల్సిన చోటికి గాలి చేరుతుంది. బిగించేటప్పుడు ఎలా నిలబడుతుందో అలాగే నిలువుగా పట్టుకుని, రాడ్‌ని పూర్తిగా పైకి లాగి, పూర్తిగా కిందికి నొక్కి, ఇలా నాలుగైదు సార్లు చేయండి. మొదట్లో గులగులమని, కాస్త ఖాళీగా అనిపించి తర్వాత పట్టు సమానంగా వస్తుంది. గ్యాస్ షాక్ అయితే దానికి కట్టిన పట్టీ కోయగానే రాడ్ తనంతట తానే పైకి లేస్తుంది, మొహం పక్కకి పెట్టుకుని కోయండి. మెరిసే ఆ రాడ్‌ని కటింగ్ ప్లేయర్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ పట్టుకోకండి. కంటికి కనిపించని గీత పడినా చాలు, ప్రతి ఊపుకీ అది సీల్‌ని కోస్తూనే ఉంటుంది.

స్టాపర్, కవర్, కింది వాషర్, బుష్ ఫొటోలో ఉన్న వరసలోనే ఎక్కించి, రాడ్‌ని పై రంధ్రంలోకి పంపి నట్టు చేత్తో పట్టించండి. జాకీతో బీమ్ మెల్లగా లేపి కింది రంధ్రం సరిగ్గా ఎదురు రాగానే బోల్టు తోయండి, దానికి కొంచెం గ్రీజు పూస్తే వచ్చేసారి మీకే సుఖం. నట్టు పెట్టి మామూలుగా బిగించండి, ఫైనల్‌గా కాదు.

ఫైనల్‌గా ఎందుకు కాదంటే, కింది బుష్‌లో రబ్బరు ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. బీమ్ కిందికి వేలాడుతుండగా ఆ బోల్టు గట్టిగా బిగిస్తే గొట్టం ఆ కోణంలోనే ఇరుక్కుపోతుంది. కారు నేల మీదకి దిగగానే రబ్బరు మెలి తిరిగి, రోజంతా ఆ మెలితోనే ఉంటుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. కాబట్టి జాకీతో బీమ్‌ని ఆ పక్క కారు స్టాండ్ మీద నుంచి లేవబోతోందా అన్నంత వరకు లేపి, అంటే కారు బరువు చక్రం మీద ఉన్న స్థితికి తెచ్చి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. పై నట్టు కూడా ఇంతే, అతిగా బిగిస్తే బుష్ నలిగిపోయి చప్పుడు మొదలవుతుంది.

రెండో పక్క కూడా ఇదే. రెండో పక్క సగం సమయంలో అయిపోతుంది.

టైర్లు ఎక్కించి, నట్లని చక్రం మీద ఎదురెదురుగా ఉన్నవి వరసగా బిగించి, కారు దించాక టార్క్ పెట్టండి. చిన్న కార్లకి చక్రం నట్ల టార్క్ మామూలుగా 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీదెంతో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది.

ముందు స్ట్రట్‌ల సంగతి

ముందు వైపు షాక్, స్ప్రింగ్ ఒకే ముక్కగా ఉంటాయి, దాన్నే స్ట్రట్ అంటాం. బోనెట్ ఎత్తితే పైన మధ్యలో ఒక పెద్ద నట్టు కనిపిస్తుంది, అది ఊరిస్తుంది కూడా. స్ట్రట్ బయటికి తీసి పెట్టుకున్నాక ఆ నట్టు ఒక్కటే స్ప్రింగ్‌ని నొక్కిపట్టి ఉంచుతుంది. వందల కిలోల ఒత్తిడి. దాన్ని విప్పితే స్ప్రింగ్, పైన ప్లేటు తుపాకీ గుండులా వస్తాయి, ప్రాణం పోయే పని. ఇనుప తీగలు చుట్టి, తాడు కట్టి స్ప్రింగ్ నొక్కేవాళ్లు కనిపిస్తే ఆ ఎదురుగా నిలబడొద్దు.

మీరు చేయగలిగింది, స్ట్రట్‌ని మొత్తంగా దించడం. బ్రేక్ హోస్ క్లిప్పు, ఏబీఎస్ వైరు ఉంటే అది, లింక్ రాడ్ నట్టు వదిలించి, కింద రెండు పెద్ద బోల్టులు తీసే ముందు వాటి స్థానం పెయింటుతో గీత గీసి గుర్తు పెట్టుకోండి. అవి తీయగానే చక్రం హబ్ బయటికి వాలుతుంది, అలా వాలితే డ్రైవ్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ) జాయింటు ఊడొచ్చు, బ్రేక్ హోస్ మీద బరువు పడొచ్చు, కాబట్టి తీగతో కట్టి ఉంచండి. చివరిగా పైన చుట్టూ ఉండే మౌంటింగ్ నట్లు మాత్రమే తీయండి, కొన్ని మోడళ్లలో మధ్య నట్టే మౌంటింగ్ నట్టు కూడా, అలాంటి వాటిని పూర్తిగా షాపుకే వదిలేయండి. దించిన స్ట్రట్‌లు రెండూ నెల్లూరు ఆటోనగర్ లాంటి చోటికి తీసుకెళ్తే ప్రెస్ మీద పెట్టి పది నిమిషాల్లో మార్చి ఇస్తారు. ఎడమది, కుడిది వేరు, పెట్టె మీద చూసుకోండి. స్ట్రట్ మౌంటింగ్, బేరింగ్ కూడా అప్పుడే కొత్తవి వేయించండి, స్ప్రింగ్ కొస దాని మెట్టులో కూర్చుందో లేదో అక్కడే నిలబడి చూడండి.

ముందువి మార్చాక వీల్ ఎలైన్‌మెంట్ తప్పనిసరి, గీతలు గీసి గుర్తు పెట్టుకున్నా సరే. వెనక బీమ్ ఉన్న కార్లలో వెనక షాక్‌లు ఒక్కటే మారిస్తే అవసరం లేదు, ఎవరైనా చేయించుకోమంటే అక్కర్లేదనండి.

అయ్యాక

మొదట వీధి చివరి దాకా నిదానంగా వెళ్లి రండి, చప్పుడు వినండి. దబ్ దబ్ అని వస్తే పై నట్టు వదులుగా ఉంది. ఆ తర్వాత వంద కిలోమీటర్లు తిరిగాక అన్ని బోల్టులూ, చక్రం నట్లూ మళ్లీ టార్క్ చూడండి. కారు మొదట్లో గట్టిగా అనిపించి "ఇంతకుముందే మెత్తగా ఉండేదే" అని ఇంట్లోవాళ్లు అంటారు, ఆ మెత్తదనం షాక్‌లు పోయినందువల్ల వచ్చింది. అలల్లా అరిగిన టైర్లు మాత్రం షాక్ మార్చినంత మాత్రాన సరికావు, వాటి హోరు కొన్నాళ్లు వినాల్సిందే, లేదంటే టైర్లు మార్చుకోవాలి.

పాత షాక్‌లని డ్రిల్ చేయడం, మంటలో వేయడం చేయకండి, చాలా వాటిలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్ ఉంటుంది. పాత ఇనుము కొనేవాళ్లకి ఇచ్చేటప్పుడు కూడా లోపల గ్యాస్ ఉందని ఒక మాట చెప్పి ఇవ్వండి.